మూడో కిటికీ ప్రారంభ పట్టిక

ధ్రువపత్రాల కార్యాలయంలో మూడో కిటికీ ఉదయం సరిగ్గా పది గంటలకు తెరుచుకుంటుంది. ఒక్క నిమిషం అటూ ఇటూ కాదు. పని మాత్రం పదకొండు గంటల నలభై ఆరు నిమిషాలకు మొదలవుతుంది. ఈ మధ్యనున్న గంటా నలభై ఆరు నిమిషాలను కార్యాలయ పరిభాషలో 'ప్రారంభం' అంటారు. ఏ పనికైనా ప్రారంభం ఘనంగా ఉండాలని పెద్దలు చెప్పిన మాటను ఇంత నిష్ఠగా పాటించే కార్యాలయం మరొకటి లేదని తనిఖీ బృందం వారు స్వయంగా వచ్చి, చూసి, 'స్వయంచాలిత సేవా పతకం' బహూకరించి వెళ్లారు. ప్రారంభం పూర్తయ్యేదాకా ఉండడానికి వారికి తీరిక లేకపోయింది.

ఆ కిటికీ వెనక కూర్చునే గుమాస్తాకు ఇరవై ఏడేళ్ల సర్వీసు. జనం ఆయన్ని 'మూడో కిటికీ' అనే పిలుస్తారు. సంతలో ఎదురుపడ్డా "బాగున్నారా మూడో కిటికీ గారూ" అనే అడుగుతారు. ఒకటో కిటికీ దరఖాస్తు తీసుకుని రెండో కిటికీకి పంపిస్తుంది. రెండో కిటికీ దాన్ని చూసి మూడో కిటికీకి వెళ్లమంటుంది. కాగితం చేతిలో పెట్టేది మూడోదే. గుమాస్తా మంచివాడు. కసురుకోడు, విసుక్కోడు, ఎవర్నీ రేపు రమ్మనడు. రేపు రమ్మనే పని యంత్రమే చూసుకుంటుంది కనుక ఆయనకు ఆ అవసరం రాలేదు.

పద్నాలుగేళ్ల కిందట ఆ బల్ల మీదికి లినక్స్‌తో నడిచే కంప్యూటరు వచ్చింది. దాన్ని అమర్చినవాడు తాత్కాలిక పద్ధతి మీద తీసుకున్న మెకానిక్కు. ఆయన ఇప్పటికీ తాత్కాలికమే. ఆ రోజు ఆయన గుమాస్తాను పక్కన కూర్చోబెట్టుకుని ఓపిగ్గా చెప్పాడు:

"చూడండి సార్, మీరు పాస్‌వర్డ్ కొట్టి లోపలికెళ్లాక, తెర మీద బొమ్మలొస్తాయి కదా. అవి రాగానే యంత్రం ఈ అర తెరిచి చూసుకుంటుంది. ఇందులో ఏ కమాండ్లు రాసిపెడితే అవన్నీ దానంతటదే నడిపేస్తుంది. మీరు వేలు కూడా కదపక్కర్లేదు. పొద్దున లేవగానే మనం మొహం కడుక్కోవట్లా? అలాగన్నమాట."

మెకానిక్కు ఆ అరలో రెండు కమాండ్లు పెట్టాడు. ఒకటి ధ్రువపత్రాల రిజిస్టరు తెరుస్తుంది. రెండోది ప్రింటరును నిద్రలేపుతుంది. రెండూ కలిసి పద్దెనిమిది సెకన్లు. ఆ రోజుల్లో మూడో కిటికీ పది గంటలకు తెరుచుకుని పది గంటలకే పని మొదలుపెట్టేదని, ఇప్పుడు చెబితే పిల్లలు నమ్మరు.

ఒక్క వాక్యం రాసిపెడితే రోజూ దానంతట అది జరిగిపోయే చోటు ఒకటి ఉందన్న వార్త కార్యాలయంలో గుప్పుమంది. అక్కడ చెప్పిన పని చెప్పినట్టు జరగడం అదే మొదటిసారి. పెద్ద అధికారి వారు ముచ్చటపడి తమ ఫొటోతో సహా ఒక స్వాగత సందేశం పెట్టించారు. నిడివి ఒక నిమిషం నలభై సెకన్లు. ఆయన బదిలీ మీద వెళ్లాక వచ్చిన కొత్త పెద్ద అధికారి వారు సంస్కారవంతులు. ముందువారి సందేశం తీసేయడం మర్యాద కాదని భావించి, దాని పక్కనే తమది పెట్టించారు. నిడివి రెండు నిమిషాల పది సెకన్లు.

దాంతో గేట్లు ఎత్తేసినట్టయింది. రెండో అధికారి వారు సేవా ప్రతిజ్ఞ పెట్టించారు. దాని చివర 'చదివాను, గుండెలో పెట్టుకున్నాను' అన్న గడిలో టిక్కు పెడితే గానీ ముందుకు కదలదు. పారిశుధ్య విభాగం తరఫున ఒక చీపురు తెర మీద ఎడమ నుంచి కుడికి ఊడ్చుకుంటూ వెళ్తుంది. శుభ్రతలో తొందర పనికిరాదు కనుక నాలుగు నిమిషాలు తీసుకుంటుంది. ఆరోగ్య సంఘం వారు మెడను ఇటు మూడుసార్లు, అటు మూడుసార్లు తిప్పమని తెర మీద ఒక కిటికీ తెరిపిస్తారు. ఉద్యోగుల సంఘం తమ కోరికల పట్టిక పెట్టింది. యాజమాన్యం దాని వెంటనే వచ్చేటట్టు తమ సమాధానం పెట్టింది. సమాధానానికి సంఘం ఖండన పెట్టింది. 'సమయపాలన ప్రోత్సాహక సంఘం' వారు కాలం విలువను వివరిస్తూ ఆరున్నర నిమిషాల ప్రసంగం పెట్టారు.

ఒకసారి పదవీ విరమణ చేసిన ఒక అధికారి కాలం చేశారని వార్త వస్తే, ఎంతో ఆవేదనతో సంతాప సందేశం చేర్చారు. మర్నాడు ఆయన చేతిలో గొడుగుతో నడుచుకుంటూ వచ్చారు. సంతాపాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి నియమావళిలో లేదు. అందుకని దాని కింద విచారం వ్యక్తం చేస్తూ ఇంకొకటి చేర్చారు. ఆ పెద్దాయన ఇప్పటికీ ఏడాదికోసారి వచ్చి, తన సంతాప సందేశం చూసుకుని, తన గురించి ఇంత మంచిగా ఎవరూ మాట్లాడలేదని కళ్లు తుడుచుకుని వెళ్తారు.

మొదట్లో ఇవన్నీ ఒక్కసారే లేచేవి. ఎవరి గొంతు ఎవరిదో తెలిసేది కాదు. ఒకరోజు రెండో అధికారి వారి ప్రతిజ్ఞ వచ్చి పెద్ద అధికారి వారి ముఖాన్ని ముక్కు దాకా కప్పేసింది. విషయాన్ని తీవ్రంగా పరిగణించి 'వరుస సంఘం' వేశారు. ఆ సంఘం ఏడు నెలలు కూర్చుని, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి హోదా ప్రకారం నడవాలని, రెండింటి మధ్య పదిహేను సెకన్ల మౌనం ఉండాలని, పెద్ద అధికారి వారి సందేశానికి ముందూ వెనకా నిండు నిమిషం మౌనం పాటించాలని తీర్మానించింది. రిజిస్టరు తెరిచే కమాండునూ, ప్రింటరును లేపే కమాండునూ పెట్టినవాడు తాత్కాలిక ఉద్యోగి కనుక ఆ రెండూ పట్టికలో అట్టడుగున నిలిచాయి.

గుమాస్తాకు ఇదంతా కంటగింపుగా ఉండేది. మధ్యాహ్నం భోజనాల దగ్గర బాధ వెళ్లగక్కుకునేవాడు. "మొత్తం నలభై మూడు పెట్టి చచ్చారండీ. అందులో పనికొచ్చేవి రెండు, పనికిరానివి నలభై. జనం అక్కడ కాళ్లు పీక్కుపోయేలా నిలబడుంటే ఇక్కడ చీపురు ఊడుస్తూ ఉంటుంది. కాకి పిల్ల కాకికి ముద్దు అంటే ఇదే." వినేవాళ్లు తలలూపేవారు. లెక్కలో ఒకటి తేడా ఉందని ఎవరూ అడగలేదు.

ఇలా ఉండగా ఒక మంగళవారం కుట్టుపని చేసే ఒకావిడ వచ్చింది. సంత బజార్లో కుట్టుమిషను పెట్టుకోవడానికి ఒక కొట్టు ఖాళీ అయింది. నివాస ధ్రువపత్రం జతచేసి గురువారం మధ్యాహ్నం పన్నెండు లోపల సంత కార్యాలయంలో ఇస్తేనే ఆ కొట్టు ఆమెది. లేకపోతే ఇంకో పదకొండేళ్లకు గానీ మరొకటి ఖాళీ కాదు. పదిహేనేళ్లుగా ఆమె మెట్ల కింద, వంగి నిలబడాల్సిన చోట, మిషను తొక్కుతోంది. వెలుతురు చాలక సూదిలో దారం ఎక్కించడానికి వీధిలోకి వచ్చి నిలబడుతుంది. ఈ సంగతి ఆమె గుమాస్తాకు వివరంగా చెప్పింది. చెప్పుకోవడానికి గంటా నలభై ఆరు నిమిషాలు దొరికాయి మరి.

మంగళవారం రిజిస్టరు తెరుచుకునే వేళకు ఆమె దరఖాస్తులో ఒక సంతకం తక్కువైందని తేలింది. బుధవారం సంతకంతో వచ్చింది. పదకొండు గంటల నలభై నిమిషాలకు, ఇక ఆరు నిమిషాలుందనగా, కరెంటు రెప్పపాటు పోయి వచ్చింది. యంత్రం ఆగి మళ్లీ లేచింది. లేవగానే శ్రద్ధగా ఒకటో నంబరు నుంచి మొదలుపెట్టింది. పాత పెద్ద అధికారి వారు నవ్వుతూ చేతులు జోడించారు.

వరుసలో నిలబడ్డవాళ్లంతా ఒక్కసారిగా నిట్టూర్చారు. కుట్టుపని ఆవిడ మాత్రం నిట్టూర్చలేదు. కిటికీ చువ్వల మీద చేతులు ఆనించి అడిగింది.

"ఏమండీ, మీరు బాగా చదువుకున్నవారు. దీన్ని తప్పించుకునే దారే లేదా?"

ఉంది. మెకానిక్కు ఎప్పుడో ఒకసారి చెప్పాడు. మూడు మీటలు కలిపి నొక్కితే బొమ్మలు మాయమై నల్ల తెర వస్తుంది. అక్కడ ఫొటోలుండవు, చీపురుండదు, బొమ్మలు రాకపోతే ఆ పట్టికను యంత్రం పలకరించనైనా పలకరించదు. పాస్‌వర్డ్ కొట్టి, ఒక్క ముక్క టైపు చేస్తే కాగితం ప్రింటరులోంచి వచ్చి పడుతుంది. గుమాస్తా ఇటూ అటూ చూశాడు. ఇరవై ఏడేళ్లలో ఆయన చేసిన మొట్టమొదటి సాహసం అది. మూడు మీటలూ నొక్కాడు.

వరుసలో ముందున్న బస్సు డ్రైవరుకు ఒకటిన్నర నిమిషంలో ధ్రువపత్రం వచ్చేసింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇంత తొందరగా వచ్చింది అసలుదేనా అని అనుమానంగా అడిగాడు. తర్వాత కుట్టుపని ఆవిడ వంతు. ఆమె కాగితం అందించే లోపల రెండో అధికారి వారు అటుగా వెళ్తూ నల్ల తెరను చూశారు.

"అయ్యో! తెర చచ్చిపోయింది! ఎవరక్కడ?"

నలుగురూ పరిగెత్తుకొచ్చారు. ఒకరు తీగ పీకేశారు. తెర చావలేదనీ, అది ఉద్దేశపూర్వకంగా చేసిన పని అనీ తెలిశాక గాభరా కాస్తా ఆగ్రహమైంది. ఆ రోజుకు మూడో కిటికీ మూసేశారు. ఆ సాయంత్రమే గుమాస్తా చేతికి తాఖీదు అందింది. 'స్వాగతం పలకకుండా, ప్రతిజ్ఞ వినిపించకుండా, మెడ తిప్పకుండా ఒక పౌరుడికి ధ్రువపత్రం జారీ చేసి తద్వారా అతని గౌరవానికి భంగం కలిగించినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదో రేపు ఉదయం పది గంటలకు మూడో కిటికీ వద్దనే సంజాయిషీ ఇవ్వవలెను. సదరు పౌరుడిని వెనక్కి పిలిపించి సందేశములన్నియు చూపించు ఏర్పాటు వేరుగా చేయబడుచున్నది.'

గుమాస్తా ఆ రాత్రి అన్నం కెలికి వదిలేశాడు. ఆయన కూతురు పక్కవీధి బడిలో లెక్కలు చెబుతుంది. ఇరవై రెండేళ్లది. తండ్రి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏంటి నాన్నా, అదోలా ఉన్నావు? ఆఫీసులో ఏమైనా జరిగిందా?"

"ఏంలేదమ్మా. ఆఫీసు గొడవలు, నీకు అర్థం కావు."

"చెబితే కదా అర్థమవుతుందో లేదో తెలిసేది."

ఆయన పేపరు తీసి ముఖానికి అడ్డంగా పెట్టుకున్నాడు. అది పొద్దున చదివేసిన పేపరే.

గురువారం ఉదయం పది గంటలకు విచారణ మొదలైంది. పెద్ద అధికారి వారికి కుర్చీ వేశారు. రెండో అధికారి వారు పక్కన నిలబడ్డారు. విభాగాల వారందరూ గోడ వారగా చేరారు. కిటికీ అవతల వరుసలో మొదటి మనిషి కుట్టుపని ఆవిడ. పట్టికను పరిశీలించే నిమిత్తం మెకానిక్కును పిలిపించి, నల్ల తెరకు నలభై నిమిషాలు ప్రత్యేక అనుమతి ఇచ్చారు.

"అయ్యా, ఎలాగూ తెరిచారు కదా, ఆ నల్లదాంట్లోనే నా కాగితం ఒకటి ఇప్పించేయకూడదా? పన్నెండు లోపల ఇవ్వాలండీ నేను" అంది కుట్టుపని ఆవిడ.

"అది విచారణలో ఉన్న సాక్ష్యమమ్మా. సాక్ష్యంతో పని చేయించకూడదు" అని రెండో అధికారి వారు జాలిగా వివరించారు.

గుమాస్తాకు ఎక్కడలేని తెగువ వచ్చింది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అనుకున్నా ఫరవాలేదనుకుని నోరు విప్పాడు.

"అయ్యా, నేను తప్పు చేశానంటే చేశాననే అనుకోండి. కానీ ఈవిడ మూడ్రోజుల నుంచి తిరుగుతోంది. ఈ పట్టికలో పనికొచ్చేవి రెండే. మిగతావన్నీ ఎవరి ముచ్చట కోసం వాళ్లు పెట్టుకున్నవి. మీ సందేశం ఒక్కరోజు వినకపోతే ఎవరికీ ఏమీ కాదు. ఈవిడకి కాగితం అందకపోతే మాత్రం మళ్లీ మెట్ల కిందికే పోవాలి. అన్నీ తీసేయండయ్యా. ఇప్పుడే, ఇక్కడే తీసేయండి. పది నిమిషాల్లో ఈ వరుస వరుసంతా ఇంటికెళ్తుంది."

వరుసలో ఎవరో చప్పట్లు కొట్టారు. గోడ వారగా ఉన్నవాళ్లు నేల చూశారు. పెద్ద అధికారి వారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నిజానికి వారు మెత్తని మనిషి. పిడుగు పడుతుందనుకున్న చోట ప్రసంగం వచ్చింది.

"మిత్రులారా! ఈ గుమాస్తా నా కళ్లు తెరిపించాడు. పౌరుడి కాలం కంటే నా ముఖం గొప్పది కాదు. త్యాగమంటూ చేస్తే అందరం చేద్దాం. నా సందేశం తీసేయడానికి నేను సిద్ధం. తన ప్రతిజ్ఞ తీసేయడానికి రెండో అధికారి సిద్ధం. కాకపోతే ప్రతిదానికీ ఒక వరుస ఉంది. పట్టికలో అందరికంటే ముందు చేరిన అనవసరపు వాక్యం ఏదో మొదట అది తీయండి. అది పోయిన మరుక్షణం నాది పోతుంది. నా వెనక మిగతావన్నీ పోతాయి. ఇది నా మాట!"

హాలు మార్మోగింది. అప్పటికి పది గంటల ఇరవై నిమిషాలు. కుట్టుపని ఆవిడ ముఖంలోకి వెలుగొచ్చింది. మెకానిక్కు తేదీల ప్రకారం పట్టికను పేర్చి, తెర మీదికి వంగి చూశాడు. ఒకసారి గుమాస్తా వైపు చూసి మళ్లీ తెర వైపు చూశాడు.

"అన్నిటికంటే పాతది పాత పెద్ద సారుది కాదండి. అంతకు ముందే ఇంకోటుంది. నేను రిజిస్టరు కమాండు పెట్టిన పది రోజులకు చేరింది. పేరు 'నీళ్లు' అని ఉంది."

"ఎవరిదది? నడపండి" అన్నారు పెద్ద అధికారి వారు.

మెకానిక్కు నడిపాడు. చిన్న గరగర తర్వాత ఎనిమిదేళ్ల పిల్ల గొంతు హాలంతా వినిపించింది.

"నాన్నా, నీళ్ల సీసా తెచ్చుకున్నావా?"

అంతే. మూడు సెకన్లు.

అప్పట్లో గుమాస్తా రోజూ నీళ్ల సీసా ఇంట్లో మర్చిపోయి వచ్చేవాడు. ఒకరోజు బడికి సెలవైతే కూతురిని వెంటబెట్టుకొచ్చాడు. ఆ పిల్ల స్టూలు మీద కూర్చుని, యంత్రం ఎలా పలుకుతుందని మెకానిక్కును వేధించి, తన గొంతు అందులో పెట్టించుకుంది. "ఇంక రోజూ అడుగుతుంది చూడు" అంది. అన్నట్టే పద్నాలుగేళ్లుగా రోజూ అడుగుతోంది. మిగతా నలభైటినీ నోరారా తిట్టుకుంటూ వాటన్నిటి మధ్యా ఆ మూడు సెకన్ల కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంటాడు గుమాస్తా. లెక్కలో రానిది అదే.

"తీసేయమంటారా సార్?" అని మెకానిక్కు అడిగాడు. ఆయన వేలు మీట మీదే ఉంది.

గుమాస్తా వేలి వైపు చూశాడు. గడియారం చూశాడు. కిటికీ అవతల రెండు చేతులతో దరఖాస్తు పట్టుకుని నిలబడ్డ మనిషిని మాత్రం చూడలేదు.

"అది... అది మూడు సెకన్లేనండీ" అన్నాడు.

"నాది కూడా రెండు నిమిషాల పది సెకన్లే కదయ్యా" అన్నారు పెద్ద అధికారి వారు, కోపం లేకుండానే.

"ముందు మిగతావి తీసి చూద్దామండీ. దీనివల్ల ఆలస్యం ఏముంది చెప్పండి? పాపం, దాని మానాన అది ఓ మూల పడుంది."

ఆ ఒక్క మాటతో గోడ వారగా ఉన్నవాళ్లకు ప్రాణం లేచొచ్చింది. రెండో అధికారి వారు గొంతు సవరించుకుని, ప్రతిజ్ఞలోని మాటలు చిన్నప్పుడు తమకు చదువు చెప్పిన మాస్టారు రాసిచ్చినవని, ఆయన ఇప్పుడు లేరని చెప్పారు. చీపురు బొమ్మ పారిశుధ్య విభాగాధిపతి భార్య గీసింది. ఆమె గీసిన బొమ్మను నలుగురూ చూసే చోటు ప్రపంచం మొత్తం మీద అదొక్కటే. సమయపాలన సంఘం వారి ప్రసంగంలో వెనక వినిపించే దగ్గు ఆ సంఘాధ్యక్షుడి తండ్రిది. పెద్ద అధికారి వారు అందరికంటే ఆఖరున, తమ సందేశం రికార్డు చేసిన రోజు చొక్కా ఇస్త్రీ చేసి బొత్తాలు పెట్టింది తమ అమ్మ అని, మళ్లీ అంత బాగా ఎన్నడూ కనబడలేదని నెమ్మదిగా చెప్పారు. హాలులో ముక్కులు చీదిన చప్పుడు వినిపించింది. వరుసలో ఉన్నవాళ్ల అభిప్రాయం కూడా అడిగారు. పసిపిల్ల గొంతు తీసేయడానికి మనసెలా వస్తుందని వరుస ఏకగ్రీవంగా అంది. ఒకాయన, వీలుంటే తన మనవరాలి పాట కూడా చేర్చమని కోరాడు. దాన్ని నలభై నాలుగోదిగా నమోదు చేసుకున్నారు. అమలు మాత్రం మరునాటి నుంచి.

కుట్టుపని ఆవిడ మాత్రం గడియారం చూస్తోంది.

విచారణ పది గంటల నలభై నిమిషాలకు సుహృద్భావ వాతావరణంలో ముగిసింది. పట్టిక యథాతథంగా ఉండాలని తీర్మానించారు. గుమాస్తా మీద అభియోగం ఎత్తేశారు. అతను పరాయివాడు కాదని, మనలో మనిషేనని పెద్ద అధికారి వారు ప్రకటించి, అక్కడికక్కడే వరుస సంఘంలో సభ్యుడిగా నియమించారు. ఇరవై ఏడేళ్లలో ఆయనకు దక్కిన మొదటి పదవి అది. నల్ల తెర అనుమతి ముగిసింది కనుక యంత్రాన్ని పద్ధతి ప్రకారం మొదటి నుంచి లేపారు.

కాగితం కుట్టుపని ఆవిడ చేతికి వచ్చేసరికి పన్నెండు గంటల ఇరవై ఎనిమిది నిమిషాలు. గుమాస్తా దాన్ని అందిస్తూ ఏదో అనబోయాడు. ఈలోగా ఆమే అంది.

"పాప గొంతు ముద్దుగా ఉందండీ. ఇప్పుడెలా ఉంది?"

"ఏది? బాగానే పలుకుతుందండీ. మధ్యలో కాస్త గరగరమంటే మెకానిక్కు సరిచేశాడు."

"అది కాదండీ. మీ అమ్మాయి."

"ఓ, అమ్మాయా... బాగానే ఉందండీ. ఉద్యోగం చేసుకుంటోంది" అన్నాడు గుమాస్తా. ఇంకేమైనా చెప్పాలని వెతుక్కున్నాడు గానీ వెంటనే ఏమీ తట్టలేదు. ఆమె అప్పటికే పరుగెత్తుతోంది.

ఆమెకు కొట్టు దక్కిందా అని మీరు కంగారుపడుతున్నారు. దక్కింది. పన్నెండున్నర దాటాక రొప్పుకుంటూ సంత కార్యాలయానికి చేరుకునేసరికి అక్కడి కంప్యూటరు ఇంకా సంత స్థాపకుడి జీవిత విశేషాలు చెబుతోంది. అప్పటికి ఆయనకు ఏడో ఏడు. దరఖాస్తులు తీసుకోవడం మొదలుకాకుండా గడువు ముగియడం కుదరదు కనుక గడువు ఇంకా ముగియలేదు. ఆమె వరుసలో నాలుగోది. ముందున్న ముగ్గురి దగ్గరా నివాస ధ్రువపత్రం లేదు. వాళ్లు కూడా మూడో కిటికీ వైపు పరుగు తీశారు. ఒక కార్యాలయం చేసిన ఆలస్యాన్ని మరో కార్యాలయం కడుపులో పెట్టుకుని కాపాడుకునే ఈ ఐకమత్యం వల్లే మన పనులు ఏదో ఒకరోజుకి అవుతున్నాయి. కాదనేవాళ్లు కృతఘ్నులు.

మర్నాడు ఉదయం గుమాస్తా హుషారుగా తయారయ్యాడు. సంఘ సభ్యుడిగా అది మొదటి రోజు. చెప్పులు వేసుకుంటుంటే కూతురు లోపల్నుంచి చేయి తుడుచుకుంటూ వచ్చింది.

"నాన్నా, నీళ్ల సీసా పెట్టుకున్నావా? నింపి స్టాండు మీద పెట్టాను చూడు."

"అబ్బబ్బ! బయల్దేరేటప్పుడే నీ గోల. పదింటికల్లా కిటికీ తెరవాలా వద్దా? ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

తలుపు దడాలున వేసుకుని వెళ్లిపోయాడు.

సరిగ్గా పది గంటలకు కిటికీ తెరిచి పాస్‌వర్డ్ కొట్టాడు. కొత్త సభ్యుడి గౌరవార్థం వరుస సంఘం ఆయన వాక్యాన్ని పట్టికలో మొదటి స్థానానికి జరిపి, దానికి కూడా ముందూ వెనకా నిండు నిమిషం మౌనం మంజూరు చేసింది. వరుసలో ఉన్నవాళ్లంతా ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. చిన్న గరగర. తర్వాత ఎనిమిదేళ్ల గొంతు అడిగింది.

"నాన్నా, నీళ్ల సీసా తెచ్చుకున్నావా?"

గుమాస్తా కళ్లలో నీళ్లు తిరిగాయి. తెర మీద మెల్లగా చేయి వేసి, అందరికీ వినబడేలా "తెచ్చుకున్నా తల్లీ" అన్నాడు.

సీసా ఇంట్లో చెప్పుల స్టాండు మీదే ఉంది.